షింకావా వాసి కగావా

పేదలకు సేవచేసిన మహనీయుల చరిత్రలకు మన పాఠ్యపుస్తకాలలో కొదువ లేదు. వారిలో పెక్కుమంది పగలంతా పేదల నడుమ మెలగి, ప్రొద్దు క్రుంకేవేళకు తమ ఇంటికి మరలివచ్చినవారే. అది తప్పని ఎవరూ అనరు. కాని జపాను దేశంలో కోబె నగరాన, 1909వ సంవత్సరం డిసెంబరు 24వ తేదీన, ఇరవయ్యొక్క ఏండ్ల వేదాంత విద్యార్థి ఒకడు తన పరుపునూ, నాలుగు బట్టలనూ, కొన్ని పుస్తకాలనూ తోపుడుబండిపై వేసుకొని, ఆ నగరంలోకెల్ల నికృష్టమని పేరుపడిన పేటలో అద్దెకు దిగాడు. అతని పేరు టొయొహికొ కగావా. అప్పటికే అతని ఊపిరితిత్తులను క్షయ పట్టి పీడిస్తున్నది. మిగిలిన కొద్ది కాలాన్ని ఎక్కడ గడపాలో అతడు నిర్ణయించుకొన్నాడు. ఆ కొద్ది కాలం మరి ఏబది ఏండ్లు సాగింది.

కగావా 1888 జూలై 10వ తేదీన ఆ కోబెలోనే జన్మించాడు. తండ్రి కొంతకాలం ప్రభుత్వంలో ఉన్నతోద్యోగం చేసి, పిమ్మట ఓడ సరకుల వ్యాపారంలో ప్రవేశించిన సంపన్నుడు. తల్లి గీషా, అనగా ఆటపాటలతో విందులలో అతిథులను అలరించే వృత్తికి చెందిన స్త్రీ. తండ్రి ధర్మపత్ని షికొకు ద్వీపంలో తొకుషిమకు చేరువనున్న స్వగ్రామంలో వేరుగా నివసించేది. నాలుగేండ్ల ప్రాయంలోనే, కొద్ది నెలల వ్యవధిలో, తల్లిదండ్రులిద్దరూ గతించగా బాలుడిని ఆ గ్రామానికి పంపివేశారు. అక్కడ అన్నవస్త్రాలకు లోటు లేదు, ఆదరణకే లోటు. పెద్ద ఇల్లు, నిండైన గాదెలు, పలుకరించే మనిషి లేని బాల్యం. దాసీపుత్రుడన్న మాట ఎవరి నోటనైనా వినవలసివచ్చే పిల్లవాడి మనసు ఎట్లుంటుందో మన పల్లెటూళ్ళు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ సంపద కూడ నిలువలేదు. అన్నగారి దుర్వ్యయాల వలన 1903లో కుటుంబం దివాలా తీసింది.

తొకుషిమ పాఠశాలలో చదివే రోజులలో ఆంగ్లం నేర్చుకొనేందుకు అతడు లోగన్, మయర్స్ అనే ఇద్దరు అమెరికను మిషనరీల ఇండ్లకు పోయేవాడు. అనాథ బాలునికి ఆ ఇండ్లలో భాషతోపాటు ఆప్యాయత కూడ లభించింది. 1904లో బాప్తిస్మం పొందాడు. మతబోధకుడనవుతానని చెప్పేసరికి, అంతవరకు చదువు చెప్పించిన పినతండ్రి చేయి విడిచాడు. మిషనరీల సహాయంతో టోక్యోలోని మేయిజి గకుయిన్ విద్యాలయంలోనూ, 1907 నుండి కోబెలోని వేదాంత కళాశాలలోనూ చదివాడు. పుస్తకాల పిచ్చి అతనికి మొదటినుండీ ఉన్నదే. ఇంతలో క్షయ ముదిరింది. సముద్రపు గాలి కోసం గమగోరి అనే బెస్తపల్లెలో ఒంటరిగా కొన్ని నెలలు గడిపి, అక్కడ తన జీవితాన్నే నవలగా వ్రాయ నారంభించాడు. ఆ వ్రాతప్రతిని సుప్రసిద్ధ నవలాకారుడు షిమజాకి తోసొన్‌కు చూపగా, కొన్నేండ్లు అట్టే ఉంచి తరువాత మళ్ళీ చూచుకొమ్మని ఆయన హితవు చెప్పాడు. ఆ సలహా ఎంత మేలు చేసిందో ముందు తెలియగలదు.

ఇక షింకావా సంగతి. కోబె రేవులో విదేశ వాణిజ్యం 1868లో ఆరంభమైనది మొదలు, ఓడలకూ కర్మాగారాలకూ కూలీలు కావలసివచ్చారు. పల్లెలలో భూమి లేనివారు, అప్పులపాలైనవారు వేలసంఖ్యలో వచ్చి చేరారు. నగరానికి వారి కండబలం కావాలి. వారికి నివాసం చూపే బాధ్యత మాత్రం నగరానిది కాదు. ఇట్లు రేవుకు తూర్పుదిక్కున పుట్టిన పేట షింకావా. జపానువారు గదిని చాపలతో కొలుస్తారు. ఒక చాప ఇంచుమించు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. షింకావా వరుస ఇండ్లలో రెండు చాపల గదులే అధికం. అనగా ఆరడుగుల చదరం. అందులోనే సంసారం, వంట, పురుడు, చావు. నీటి కుళాయికీ, మరుగుదొడ్డికీ ఎన్నో కుటుంబాలు వంతు కాచుకోవాలి. హైదరాబాదు వాడుకలో బస్తీ అనే ఉర్దూ మాట జనం వసించే చోటు అనే గౌరవాన్ని నిలుపుకొన్నది; మన తెలుగులో స్థిరపడిన మురికివాడ అనే పదం మాత్రం, మురికినంతటినీ అక్కడ బ్రతికేవారికే అంటగట్టినట్లు ఉంటుంది. షింకావా మురికి రేవు నగరపు సంపదతోపాటు పెరిగిన మురికి.

కగావాకు దొరికిన ఇంట్లో అంతకుముందు ఒక హత్య జరిగిందట. దయ్యముందని ఎవరూ చేరకపోవడం చేత అద్దె చవుక. మొదటి దినాలలోనే గజ్జితో బాధపడే మనిషి ఒకడు వచ్చి తలదాచుకొంటానంటే, తన పరుపులోనే చోటిచ్చాడు. గజ్జి తనకూ అంటుకొన్నది. తరువాత తాగుబోతులు, రోగులు, చెరసాలనుండి వచ్చినవారు ఒకరొకరుగా చేరారు. కళాశాలవారిచ్చే స్వల్ప వేతనాన్ని ఇందరితో పంచుకోవలసివచ్చి గంజితో గడిపిన రోజులున్నాయి. చొక్కా అడిగినవానికి చొక్కా, కోటు అడిగినవానికి కోటు ఇచ్చి, తాను పట్టుపడిన బట్టలతోనే తిరిగేవాడు. బైబిలులో చెప్పినదానిని అక్షరాలా ఆచరిస్తాడేమో చూద్దామని కొందరు పరీక్షగా అడిగేవారట. అడిగినంత సొమ్ము ఇవ్వలేదని ఒక త్రాగుబోతు గుద్దిన దెబ్బకు ఆయన ముందుపళ్ళు ఊడిపోయాయి. కంటికి ట్రకోమా అనే అంటుజాడ్యం సోకింది. అది జీవితాంతం వదలలేదు. ఉత్తరోత్తరా ఆయన బృహదక్షరాలు మాత్రమే చదువగలిగిన స్థితికి వచ్చాడు.

ఆయన మతప్రచారకుడు. ఈ సంగతిని మరుగుపరచి ఆయన జీవితం చెప్పడం న్యాయం కాదు. తెల్లవారకముందే లేచి వీధులలో నిలబడి ప్రసంగించేవాడు; ఆదివారాలు పిల్లలను చేర్చి పాటలూ కథలూ నేర్పేవాడు; రాత్రులు కూలీలకు అక్షరాలు చెప్పేవాడు; రోగుల ఇండ్లకు వెళ్ళేవాడు; దిక్కులేని శవాలకు అంత్యక్రియలు జరిపేవాడు. ఈ చివరి పనిలో ఆయనకు ఎదురైనది మనస్సును కలచివేసే విషయం. అక్రమ సంతానమనో, అక్కర లేని సంతానమనో కొందరు శిశువులను కొంత పైకంతో సహా పేదలకు అప్పగించేవారు. పైకం చేతులు మారినకొద్దీ బిడ్డ కూడ చేతులు మారేది. పలుచని గంజి మాత్రం పట్టగా కొద్ది దినాలలో కన్నుమూసేది. మొదటి ఏడాది ఆయన జరిపిన అంత్యక్రియలలో ఇట్టి శిశువులవి పెక్కు. ఒక చంటిబిడ్డను తన గదికి తెచ్చుకొని, పాలు పట్టి, రాత్రులు ఎత్తుకొని తిరిగి ప్రాణం నిలిపాడు. అవివాహితుడు, క్షయరోగి, మరునాటి పరీక్షకు చదువుకోవలసిన విద్యార్థి చేసిన పని అది.

1912 ప్రాంతంలో ఆయన పేదలకోసం ఒక భోజనశాల తెరిచాడు. దానికి స్వర్గపు అంగడి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. చవుకగా కడుపునిండా భోజనం పెట్టడం ఉద్దేశం. జనం వచ్చారు, తిన్నారు; డబ్బు చెల్లించినవారు తక్కువ. తగవులు, కొట్లాటలు కూడ జరిగాయి. కొద్ది నెలలకే మూతపడింది. ఆయన జీవితచరిత్రకారులలో చాలమంది దీనిని ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో ఇది మిక్కిలి ముఖ్యమైన ఘట్టంగా తోస్తుంది. ఒక మనిషి ఎంత దయతో వడ్డించినా, విస్తరి ముందు కూర్చున్నవాడు అతిథిగానే మిగిలిపోతాడు. అంగడి అతనిది కాదు. ఎనిమిది తొమ్మిదేండ్ల తరువాత ఇదే కోబెలో కగావా స్థాపింపజేసిన అంగళ్ళకు కొనేవారే యజమానులు కావడం కాకతాళీయం కాదు.

1913లో ఆయన షిబా హరును వివాహమాడాడు. ఆమె ఒక ముద్రణాలయంలో పుస్తకాలు కుట్టే విభాగపు శ్రామికురాలు. అక్కడికి ప్రసంగించవచ్చిన కగావాను విని, షింకావాలో సేవకు వచ్చినది. పెండ్లికూతురు అత్తవారింట అడుగు పెట్టేసరికి ఆ ఇంట ముసలివారు, రోగులు, అనాథలు ఆమెకోసం ఎదురుచూస్తున్నారు. ట్రకోమా ఆమెనూ విడువలేదు. ఒక కన్ను పోయింది. హరు గురించి వ్రాసేవారు భర్తకు నీడవలె నడిచిన సాధ్విగా ఆమెను చిత్రిస్తారు. అది అసమగ్రం. ఆమె తాను చూచిన పేదల జీవితాలను గూర్చి 1920లో స్వయంగా గ్రంథం ప్రకటించింది. శ్రామిక స్త్రీల కోసం 1921లో ఒక సంఘాన్ని స్థాపించింది.

1914లో కగావా అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు ఉన్నత విద్యకై వెళ్ళాడు. హరు యొకొహామాలో చదువుకొన్నది. అమెరికాలో ఆయన వేదాంతంతోపాటు జీవశాస్త్రం వంటివి కూడ అభ్యసించాడు. కాని ఆయనను కదిలించినది న్యూయార్క్ వీధులలో చూచిన శ్రామికుల ఊరేగింపు. వారు ఎవరినీ బిచ్చమడగడం లేదు. తమ కూలిని తామే నిర్ణయించుకొనే హక్కుకోసం వరుసలు కట్టి నడుస్తున్నారు. షింకావాలో ఒక్కొక్క మనిషిని చేయి పట్టి పైకి లాగుతున్నకొద్దీ, పల్లెలనుండీ కర్మాగారాలనుండీ మరి పదిమంది ఆ గోతిలో వచ్చి పడుతుండడం ఆయన అనుభవమే కదా! 1917లో దంపతులు తిరిగి షింకావాకే చేరారు. ఇల్లు మారలేదు, పని మారింది.

1918 ఆగస్టులో బియ్యం ధరలు మండిపోయి జపాను అంతటా అల్లర్లు చెలరేగాయి. కోబెలో సుజుకి కంపెనీ ప్రధాన కార్యాలయాన్ని జనం తగులబెట్టారు. కగావా ఆనాటి శ్రామిక సంఘాలలో ప్రముఖుడయ్యాడు. 1920లో, తోసొన్ మాట విని దాచి ఉంచిన ఆ పాత నవలను తిరగవ్రాసి ప్రకటించాడు. మృత్యురేఖను దాటి అని దాని పేరుకు తాత్పర్యం. షింకావా గల్లీలు అంతకుముందు ఏ భద్రగృహస్థుని గదిలోనూ ప్రవేశించలేదు. ఆ నవలతో ప్రవేశించాయి. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. రచయితకు వచ్చిన ధనంలో అధికభాగం శ్రామిక సంఘాలకూ, సహకార సంఘాలకూ, సేవాకార్యాలకూ వెచ్చించాడు; తాను షింకావాలోనే ఉన్నాడు. 1921లో కోబె, నాడా ప్రాంతాలలో వినియోగదారుల సహకార సంఘాలు ఆయన ప్రోత్సాహంతో వెలిశాయి. అదే వేసవిలో కవసాకి, మిత్సుబిషి ఓడల నిర్మాణశాలలలో ముప్పదివేలకు మించిన శ్రామికులు సమ్మె కట్టారు. కగావా వారికి నాయకత్వం వహించి, హింసకు పాల్పడవద్దని అడుగడుగునా వారిస్తూ వచ్చాడు. ఐనా పోలీసులు ఆయనను నిర్బంధించారు. సమ్మె విఫలమైంది. అహింస చాతకాని మాట అని యువ శ్రామిక నాయకులు ఆయనను తిరస్కరించసాగారు. ఆయన పల్లెలవైపు తిరిగి, 1922లో సుగియామ మొతొజిరోతో కలిసి జపాను రైతు సంఘాన్ని స్థాపించాడు. మురికివాడకు వచ్చే మనుషులు బయలుదేరే చోటు పల్లె గనుక, ఇందులో వైరుధ్యమేమీ లేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పక తప్పదు. ఆయనను స్తుతించే వ్యాసాలలో ఇది తరచు కనబడదు. మన దేశంలో అస్పృశ్యత వంటిదే జపానులోనూ ఉన్నది. చర్మకారులు, పశువధ చేసేవారు మొదలైన వృత్తుల కుటుంబాలను తరతరాలుగా వెలివేసి, వేరు వాడలలో ఉంచారు. 1871లో ప్రభుత్వ శాసనం ఆ భేదాన్ని రద్దుచేసినా, బురాకు ప్రజలన్న పేరుతో వారిపై వివక్ష ఆగలేదు. కగావా 1915లో ప్రకటించిన పేదల మనస్తత్వ పరిశోధన అనే బృహద్గ్రంథంలో, ఆ ప్రజలు వేరు జాతినుండి పుట్టినవారనీ, నేరప్రవృత్తి వారి రక్తంలోనే ఉన్నదనీ ధ్వనించే మాటలున్నాయి. ఆనాటి విజ్ఞానమని చలామణి అయిన జాతివాదమే ఇది. కాని ఆ మాటలు వ్రాసినది వారి పొరుగున పడుకొని, వారి బిడ్డలను ఎత్తుకొన్న మనిషి. చాపమీద పక్క పంచుకొన్నంత మాత్రాన కలంలోని దురభిమానం పోదని దీనివల్ల తెలుస్తున్నది. 1922 మార్చిలో బురాకు యువకులు క్యోటోలో తమ సమానత్వ సంఘమైన సుయిహైషను స్థాపించారు. స్థాపకులలో కొందరు అంతకుముందు కగావాను కలిసి సంప్రదించినవారే. జాలి వద్దు, గౌరవం కావాలన్నది వారి వాదం. ఆయన ఆ సంఘానికి దగ్గరగా ఎక్కువకాలం నిలువలేదు. ఆయన మరణానంతరం, 1980వ దశకంలో, ఆయన రచనల సంపుటాల విషయమై ఈ ప్రశ్న మీదనే జపానులో తీవ్రమైన వివాదం సాగింది. ఆయనను దైవాంశ సంభూతునిగా చేసి చూపేవారికి ఇది కంటకంగా ఉండవచ్చు. అస్పృశ్యతను కన్నులారా చూచిన మనకు మాత్రం దీనిని దాటి పోయే హక్కు లేదు.

1923 సెప్టెంబరు 1వ తేదీన మహాభూకంపం టోక్యోను నేలమట్టం చేసింది. కగావా వెంటనే అక్కడికి తరలి, హొంజో ప్రాంతంలో డేరాలు వేసి సహాయకార్యం ప్రారంభించాడు. అప్పటినుండి టోక్యో పరిసరాలే ఆయన నివాసమైనా, షింకావా పని సహచరుల చేతిలో కొనసాగింది. మురికివాడలను తొలగించి గట్టి ఇండ్లు కట్టించే శాసనం 1927లో వచ్చి, కోబె వంటి పెద్ద నగరాలలో ఆ పని మొదలైంది. దానికి ప్రజాభిప్రాయాన్ని సిద్ధపరచిన వాటిలో ఆయన రచనలు ముఖ్యమైనవి.

1938 డిసెంబరులో మద్రాసు చెంత తాంబరంలోని క్రైస్తవ కళాశాలలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. ఆనాడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగమే. నైజాము రాజ్యంలోని దోర్నకల్ పీఠాధిపతి అజరయ్య ఆ సభలో ప్రముఖుడు. జపాను ప్రతినిధిగా కగావా వచ్చాడు. పిమ్మట 1939 జనవరిలో బార్డోలీకి వెళ్ళి గాంధీజీని దర్శించాడు. సహకార సంఘాలను గురించి ఇద్దరూ ముచ్చటించుకొన్నారు. కాని గాంధీజీ అడిగిన అసలు ప్రశ్న వేరు. జపాను చైనాపై సాగిస్తున్న యుద్ధం సంగతేమిటని ఆయన అడిగాడు. ఆ విషయంలో తాను స్వదేశీయులతో ఏకీభవించనివాడినని కగావా చెప్పి, తన స్థానంలో ఉంటే ఏమి చేసేవారని ఎదురడిగాడు. తన విశ్వాసాన్ని బాహాటంగా ప్రకటించి తుపాకి గుండుకు సిద్ధపడేవాడినని గాంధీజీ సమాధానం. ఎదుట కూర్చున్నది అతిథియే ఐనా ఆయన మాటను మెత్తపరచలేదు.

కగావా ఆ పరీక్షలో సగమే నెగ్గాడు. చైనా ప్రజలను క్షమాపణ కోరుతూ అంతకుముందే వ్రాసి ఉన్నాడు. 1940 ఆగస్టులో యుద్ధవ్యతిరేకి అనే అభియోగంపై సైనిక పోలీసులు ఆయనను పట్టుకొని కొద్ది వారాలు నిర్బంధించారు. 1941లో శాంతి దూతలలో ఒకడుగా అమెరికాకు వెళ్ళివచ్చాడు. కాని యుద్ధం ముదిరిన తరువాత అమెరికాను దుయ్యబడుతూ రేడియోలో ప్రసంగించాడు. బాంబులకు కాలిపోతున్న నగరాలను చూచిన వేదన అందుకు కారణమని కొందరు, ప్రభుత్వపు ఒత్తిడి కారణమని మరికొందరు సమర్థిస్తారు. రెండూ నిజమే కావచ్చు. బార్డోలీలో విన్న సమాధానం మాత్రం ఆయనకు గుర్తుండే ఉంటుంది.

యుద్ధానంతరం ఆయన సహకారోద్యమ పునర్నిర్మాణంలోనూ, ప్రపంచ ప్రభుత్వ ప్రచారంలోనూ గడిపాడు. ఆయన పేరు నోబెల్ సాహిత్య బహుమతికీ, శాంతి బహుమతికీ పలుమార్లు ప్రతిపాదింపబడింది, బహుమతి రాలేదు. 1960 ఏప్రిల్ 23వ తేదీన టోక్యోలో మరణించాడు. హరు మరి ఇరువది రెండేండ్లు జీవించి, 1982లో కన్నుమూసింది.

కోబె, నాడా సహకార సంఘాలు 1962లో ఒకటై, 1991లో కోప్ కోబె అనే పేరు ధరించాయి. సభ్యుల సంఖ్య పది లక్షలకు మించింది. 1995 జనవరి 17వ తేదీ వేకువజామున భూకంపం కోబెను కుదిపివేసినప్పుడు ఆ సంఘపు ప్రధాన కార్యాలయ భవనం కూలిపోయింది. విపత్తు వచ్చినప్పుడు నిత్యావసరాలు సరఫరా చేస్తామని నగరపాలక సంస్థతో అంతకుముందే ఒప్పందం ఉన్నందున, మిగిలిన అంగళ్ళవారు తలుపులు తెరిచి, చేతికందిన ఆహారాన్నీ నీటినీ పంపడం ప్రారంభించారు.